ఈసీయూ పోయిందా, తడిసిందా?

"ఈసీయూ పోయింది." మెకానిక్ నోట ఈ రెండు మాటలు వినగానే బండి ఓనర్‌కి గుండె జారిపోతుంది. క్లచ్ ప్లేట్లు పోయాయంటే ఎంతవుతుందో ఎవరినడిగినా చెబుతారు. బ్యాటరీ పోయిందంటే ధర ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఈసీయూ సంగతి అలా కాదు. అది ఎక్కడుంటుందో తెలీదు, ఎలా ఉంటుందో చూసినవాళ్ళు తక్కువ, బిల్లు మాత్రం పదుల వేలల్లో వస్తుంది. తెలీని వస్తువు కాబట్టి బేరం కూడా ఆడలేం.

ఒకప్పుడు ఈ బాధ కార్లకే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చాక బైకులు, సరుకుల ఆటోలు కూడా ఎలక్ట్రానిక్ పెట్టె మీదే నడుస్తున్నాయి. కర్నూలులోనే కాదు, మా కోడుమూరు బస్టాండు పక్కన షెడ్డులోనూ ఇప్పుడు ఆ మాట వినిపిస్తోంది.

నేను మెకానిక్‌ని కాను, బెంగళూరులో కోడ్ రాసుకునేవాణ్ణి. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే ముందు లాగ్ తెరిచి చూస్తాం. చూడకుండానే "సర్వర్ పోయింది, కొత్తది కొనండి" అని ఎవరైనా అంటే వాణ్ణి మళ్ళీ మీటింగుకి పిలవరు. కారుకి కూడా అదే పద్ధతి పెట్టాలి. పెట్టె ఎక్కడుందో వెతకండి, కనెక్టర్ విప్పి చూడండి, తడి ఉంటే ఆ తడి ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోండి. ఈ మూడూ అయ్యాక కొనాలో వద్దో ఆలోచించవచ్చు. నీళ్ళు వచ్చిన దారి మూయకుండా కొత్త పెట్టె పెడితే అదీ అదే నీళ్ళలో తడుస్తుంది.

మొదట అందరూ అడిగే ప్రశ్న. "వానలే సరిగ్గా పడని ఊళ్ళో కారులోకి నీళ్ళు యాడ నుంచి వస్తాయప్పా?" నిజమే, కర్నూలు జిల్లా సగటు వాన ఏడాదికి 700 మిల్లీమీటర్లు కూడా దాటదు. అసలు తంటా అక్కడే ఉంది. వాన లేదు కదా అని నీళ్ళు పోయే దారులు ఎవరూ శుభ్రం చేయరు.

మన దగ్గర కారు నీడ అంటే వేపచెట్టు నీడే. ఎండ నుంచి కాపాడుకుందామని దాని కింద పెడతాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలిన ఆకులు, పూత వెళ్ళి అద్దం కింద, వైపర్ల దగ్గరున్న నల్ల ప్లాస్టిక్ జల్లెడలో పడతాయి. ఆ జల్లెడ కింద ఒక తొట్టి ఉంటుంది. దాని మూలల్లో నీళ్ళు పోయే రంధ్రాలు ఉంటాయి. ఆకులు, దుమ్ము, రెండు చుక్కల తడి కలిస్తే ఆ రంధ్రాలకి మట్టి బిరడా తయారవుతుంది. ఆర్నెల్లకొక గట్టి వాన పడిందా, తొట్టి నిండుతుంది. నిండిన నీళ్ళు ఏసీ గాలి లోపలికి తీసుకునే దారిలోంచో, వైర్లు వెళ్ళే రబ్బరు సందులోంచో కారులోకి దిగుతాయి.

రెండో దారి ఏసీది. ఏసీ చల్లబరిచిన గాలిలోని తేమ నీళ్ళయి ఒక సన్నని పైపు ద్వారా కింద రోడ్డు మీద పడాలి. ఆగిన కారు కింద కనిపించే చిన్న మడుగు అదే. ఆ పైపు మూసుకుపోతే నీళ్ళు ముందు ప్యాసింజర్ కాళ్ళ దగ్గర కార్పెట్‌లోకి పోతాయి. పైన మ్యాట్ పొడిగానే ఉంటుంది, కింద స్పాంజి మాత్రం నానుతూ ఉంటుంది. చాలా కార్లలో ఏసీ యూనిట్, కొన్ని కార్ల ఈసీయూ, ఇంకొన్నింటి ఫ్యూజుల పెట్టె అన్నీ ఆ మూలనే ఇరుగుపొరుగుగా ఉంటాయి.

మూడోది వాటర్ సర్వీసింగ్. నా మటుకు నాకు దీని మీదే ఎక్కువ కోపం. మే నెలలో బళ్ళారి రోడ్డు మీద నుంచి అప్పుడే వచ్చి, ఇంకా కాలుతున్న ఇంజన్ మీద బానెట్ ఎత్తి ప్రెషర్ గన్‌తో నీళ్ళు కొట్టిస్తారు. ఈసీయూ పెట్టెకి రబ్బరు సీలు ఉంటుంది కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. వేడెక్కిన పెట్టె లోపల గాలి వ్యాకోచించి ఉంటుంది. చన్నీళ్ళు పడగానే ఆ గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, లోపల పీల్చే ఒత్తిడి పుడుతుంది. సీలు కాస్త పాతబడి ఉంటే బయటి నీటిని పెట్టే తాగేస్తుంది. పైగా మన ప్రాంతపు బోరు నీళ్ళు. బకెట్టులో నాలుగు రోజులుంచితే అంచు చుట్టూ తెల్లగా పేరుకుంటుంది చూడండి, ఆ ఉప్పే సర్క్యూట్ మీదా మిగులుతుంది. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఉండిపోతుంది.

ఇంతకీ పెట్టె ఎక్కడుంటుంది? అన్ని కార్లకీ ఒకే చోటు లేదు. మామూలుగా మూడు చోట్ల వెతకాలి. బానెట్ కింద బ్యాటరీకి, ఎయిర్ ఫిల్టర్‌కి దగ్గర్లో ఒకటి. వైపర్ల కింది తొట్టిలో ఇంకొకటి, ఫోక్స్‌వాగన్, స్కోడా పాత మోడళ్ళు కొన్నింట్లో ఇక్కడే పెట్టారు. ఆకుల బిరడా గురించి అంతసేపు చెప్పింది అందుకే. మూడోది డాష్‌బోర్డ్ లోపల, గ్లవ్ బాక్స్ వెనకో ప్యాసింజర్ కాలి పక్క ప్యానెల్ వెనకో. పాత ఇన్నోవాలో గ్లవ్ బాక్స్ విప్పితే కనిపిస్తుంది. మీ మోడల్ పేరు, సంవత్సరం, "ఈసీఎం లొకేషన్" అని యూట్యూబ్‌లో కొట్టండి. కానీ అదే పేరుతో విదేశాల్లో అమ్మే కారు వీడియో చూసి ఇక్కడ ప్యానెల్ పీకకండి, స్టీరింగ్ అటు వైపు ఉంటే పెట్టె కూడా అటు మారే అవకాశముంది.

చూసి గుర్తుపట్టడం కష్టమేం కాదు. అరచేయంత, లేదా చిన్న పుస్తకమంత అల్యూమినియం పెట్టె. దాని మీద పార్ట్ నంబర్ స్టిక్కర్. బొటనవేలు కంటే లావైన వైర్ల కట్ట ఒకటో రెండో దానిలోకి వెళతాయి, కనెక్టర్‌కి లాక్ చేసే చిన్న లీవర్ ఉంటుంది. అంత లావు కట్ట ఫ్యూజుల పెట్టెకీ ఉంటుంది కాబట్టి రెండూ కలగాపులగం చేసుకోవద్దు.

ఇక్కడ మా చిన్నాయన కారు సంగతి చెప్పాలి. ఆయనకి కోడుమూరులో చిన్న కారు ఉంది. పెళ్ళిళ్ళకి, మంత్రాలయానికి, అన్నిటికంటే ఎక్కువగా కర్నూలు ఆస్పత్రులకి బాడుగకు తిప్పుతాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళే పెద్దాయన ఒకరున్నారు. ఆ బండి పోయిన వానాకాలంలో నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం మొదలుపెట్టింది. అరగంట ఆగితే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. ఏసీ వేసుకుని దూరం పోయిన రోజు తప్పకుండా ఆగుతుంది. కర్నూలులో ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే స్కానర్ పెట్టి, "ఈసీయూ మార్చాల" అన్నారు. చెప్పిన అంకె ఆయన మూడు నెలల కిస్తీ కంటే ఎక్కువ.

నేను వినాయక చవితికి ఊరికెళ్ళినప్పుడు ఆ స్కాన్ కాగితం చూపించాడు. అందులో ఉన్న కోడ్ యూ 0100. దాని అర్థం "ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్‌తో మాటలు తెగిపోయాయి" అని మాత్రమే. పెట్టె చచ్చిపోయినా ఈ కోడ్ వస్తుంది, పెట్టెకి కరెంటు అందకపోయినా వస్తుంది, మధ్యలో వైరు తెగినా వస్తుంది. ఫోన్ ఎత్తడం లేదంటే మనిషి పోయాడని కాదు కదా, సిగ్నల్ లేకపోవచ్చు. పీ 0601, పీ 0606 లాంటివి వేరు, అవి పెట్టె తన లోపలి మెమరీ గురించో ప్రాసెసర్ గురించో తానే చేసే ఫిర్యాదులు. అవి వస్తే అనుమానం పెట్టె మీదకే పోవాలి. అప్పుడు కూడా బ్యాటరీ వోల్టేజ్, ఎర్త్ చూశాకే.

"చిన్నాయనా, ముందర సీటు కింద కార్పెట్ ఎప్పుడన్నా ఎత్తినావా?" అన్నాను.

"దాన్నెందుకు ఎత్తేదిరా, మ్యాట్ వేసుండాం కదా."

మ్యాట్ తీసి, కార్పెట్ మూల లేపి, స్పాంజి నొక్కితే నీళ్ళు కారాయి. చల్లగా, వాసన లేకుండా ఉన్నాయి. ఈ వాసన విషయం గుర్తుపెట్టుకోండి. వాసన లేని తేట నీళ్ళయితే ఏసీవి. మట్టి, కుళ్ళిన ఆకు వాసన ఉంటే వైపర్ తొట్టివి. వేళ్ళకి జిగటగా తగిలి, తియ్యటి వాసన వేస్తే అది హీటర్ దగ్గర లీకవుతున్న కూలెంట్, అది విషం, నోటి దగ్గరికి పోనివ్వకండి. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్. ఆయిల్ అంత దూరం ఎలా వస్తుందని ఆశ్చర్యపోకండి. దీపపు వత్తి నూనెని పైకి పీల్చినట్టే వైరు లోపలి సన్నటి రాగి పోగులు సెన్సర్ దగ్గర లీకైన ఆయిల్‌ని ఈసీయూ దాకా మోసుకొస్తాయి. కొన్ని పాత మెర్సిడెస్ కార్లలో ఇది పేరుపొందిన జబ్బు.

వీధి చివర ఎలక్ట్రీషియన్ భాయ్‌ని పిలిచాం. స్కాన్ కాగితం చేతిలో ఉంది కాబట్టి ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీశాడు. ఆ వరుస ముఖ్యం. బ్యాటరీ తీస్తే కోడ్‌లు చెరిగిపోవచ్చు, అంటే మన లాగ్ పోయినట్టే. తీశాక పది నిమిషాలు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన చార్జ్ దిగాలి. డాష్‌బోర్డ్ లోపల పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోవద్దు. పెట్టెని తాకే ముందు కారు బాడీ ఇనుముని ఒకసారి చేత్తో ముట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ ఉంటే దిగిపోతుంది.

గ్లవ్ బాక్స్ విప్పి, లీవర్ ఎత్తి కనెక్టర్ లాగితే, కింది వరుసలో రెండు పిన్నుల మీద పచ్చటి చిలుము. ఇత్తడి బిందె అడుగున పట్టేది చూస్తాం కదా, అదే. పెట్టె మీద మాత్రం ఒక్క చుక్క తడి లేదు. పైనుంచి చూసి వదిలేసిన వాళ్ళకి అది ఎప్పటికీ కనిపించదు. అందుకే ఫోన్ టార్చ్ వేసి, కెమెరా జూమ్ పెట్టి ఒక్కో పిన్నూ చూడాలి. పచ్చగా ఉంటే రాగి తినేసింది, తెల్లటి పొడిలా ఉంటే అల్యూమినియమో బోరు నీటి ఉప్పో, ఎర్రగా ఉంటే ఇనుము. నల్లగా మాడిన మచ్చ ఉంటే షార్ట్ అయింది. ఏ పిన్ను పక్కది ఎలా ఉందో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత వాదన వచ్చినా పనికొస్తుంది.

అవే రెండు పిన్నులు ఎందుకు? భాయ్ మీటర్ పెట్టి చూపించాడు. అందులో ఒకటి తాళం తీసేసినా బ్యాటరీ నుంచి 12 వోల్టులు వస్తూనే ఉండే పిన్ను, ఈసీయూ మెమరీ కోసం. పక్కది ఎర్త్. మధ్యలో తడి ఉంటే రాత్రంతా సన్నటి కరెంటు ఆ తడి గుండా పారుతుంది. ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన ఎలక్ట్రోలిసిసే, ప్లస్ వైపు లోహం కరిగి పోతుంది. ఫోన్ నీళ్ళలో పడితే వెంటనే ఆఫ్ చేయమనేది ఇందుకే. కారుని మనం ఆఫ్ చేశామనుకుంటాం, అది పూర్తిగా ఆఫ్ కాదు.

ఏసీ పైపు వెతికితే దాని చివర కందిరీగ కట్టిన మట్టి గూడు. సన్నటి తీగతో పొడవగానే చొంబెడు నీళ్ళు భళ్ళున కింద పడ్డాయి. చిన్నాయన ఆ గూడు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "దీనికా ఇంత డబ్బులు అడిగింది?"

పిన్నుల్ని భాయ్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్దాడు. కనెక్టర్ వైపు టెర్మినల్ ఒకటి తినేసి సన్నబడి ఉంటే కోసేసి కొత్తది వేశాడు. ఆయన టెస్ట్ ల్యాంప్ వాడలేదని గమనించాను. బల్బు, రెండు వైర్లు కట్టిన ఆ పాత పరికరం హెడ్‌లైట్లకి బాగానే ఉంటుంది, ఈసీయూ పిన్నుల మీద పెడితే అది లాగే కరెంటుకి లోపలి చిప్ కాలిపోవచ్చు. డిజిటల్ మల్టీమీటరే వాడాలి. కార్పెట్ పూర్తిగా విప్పి రెండు రోజులు మిద్దె మీద ఎండేశాం. ఆ పని మాత్రం కర్నూలు ఎండ ఉచితంగా చేసింది.

బండి నడుస్తోంది. అయితే పెట్టె మూత తెరిచినప్పుడు లోపల బోర్డు మీద ఒక మూల గోధుమరంగు మచ్చ కనిపించింది. "ఇది ఎన్నాళ్ళుంటాదో నేను చెప్పలేను సార్, రిపేర్ చేసేటోళ్ళ నంబర్ ఇస్తా, పెట్టుకోండి" అన్నాడు భాయ్. నిజం చెప్పాడు కాబట్టి ఆయన మీద నమ్మకం పెరిగింది. అన్ని పెట్టెల మూతలూ తెరవడానికి రావు, కొన్నింటికి లోపల జిగురు పోసి మూసేస్తారు, బలవంతంగా తెరిస్తే సీలు శాశ్వతంగా పోతుంది. స్క్రూలు లేని పెట్టెని ఇంట్లో ముట్టుకోవద్దు.

బోర్డు తడిసిందని తేలితే బియ్యం డబ్బాలో పెట్టకండి. బియ్యం ఉప్పుని తీయలేదు, పిండి దుమ్ము మాత్రం ఎక్కిస్తుంది. పెట్రోలుతో కడగడం, హెయిర్ డ్రయర్ దగ్గరగా పట్టడం కూడా వద్దు. గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరాక పరీక్షించాలి. బోర్డు మీద గీతలు తెగి ఉంటే ఆ పని సోల్డరింగ్ తెలిసినవాళ్ళది. తుక్కు మార్కెట్‌లో దొరికే పాత ఈసీయూ తెచ్చి తగిలిస్తే సరిపోతుందని అనుకునేవాళ్ళు ఉన్నారు. ఇమ్మొబిలైజర్ ఉన్న కారులో పెట్టె, తాళం ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. కోడింగ్ మార్చకుండా పెడితే ఇంజన్ తిరుగుతుంది కానీ అందుకోదు. పార్ట్ నంబర్ చివరి అక్షరం దాకా కలవాలి కూడా.

తడి ఏమీ కనిపించకపోతే? తాళం ఆన్ చేయగానే మీటర్‌లో చెక్ ఇంజన్ దీపం వెలగాలి. అసలు వెలగకపోతే పెట్టెకి కరెంటు రావడం లేదేమో, ఫ్యూజు, రిలే, ఎర్త్ బోల్టు చూడండి. వెలిగినా స్టార్ట్ కాకపోతే ఏదైనా మూడు వైర్ల సెన్సర్ దగ్గర 5 వోల్టులు వస్తున్నాయా అని కొలవండి. రాకపోతే సెన్సర్లని ఒక్కొక్కటిగా పీకి చూడండి. ఒక్క సెన్సర్ లోపల షార్టయితే చాలు, అందరి 5 వోల్టులూ లాగేసి పెట్టే పోయినట్టు నాటకమాడుతుంది. అది పీకగానే వోల్టేజ్ తిరిగొస్తే మీరు బతికిపోయినట్టే.

ఇదంతా మీ బండి గురించి. కొనబోయే బండి గురించి ఇంకో మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు తడిసిన బళ్ళలో కార్బురేటర్‌వి చాలా ఉండేవి, వాటిని కడిగి ఆరబెట్టి నడిపారు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వచ్చి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు నీళ్ళలో ఉన్నవి ఎక్కువగా ఈసీయూ బళ్ళు. మునిగిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి దూరం ఊళ్ళలో అమ్మడం ఏ రాష్ట్రంలోనైనా ఉన్నదే. ఒకప్పుడు ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా, ఏపీ 21 అంటే మనది అని నంబర్ చూసి అడిగేవాళ్ళం. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వరస మొదలుపెట్టారు కాబట్టి, ఆ తర్వాతి బండి ఎక్కడిదో ప్లేటు చెప్పదు. ఆర్‌సీలో ఇన్సూరెన్స్, ఫైనాన్స్ వివరాలు ఉంటాయి, నీళ్ళలో మునిగిందా అనే గడి ఉండదు. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీస్ రికార్డు అడిగించండి, ఓనర్ ఒప్పుకుంటే క్లెయిమ్ చరిత్ర కూడా.

ఇన్సూరెన్స్ సంగతీ తెలుసుకోండి. వరద నష్టం మామూలుగా ఫుల్ ఇన్సూరెన్స్‌లో వస్తుంది, థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే రాదు. నీళ్ళలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టి ఇంజన్ పాడుచేసుకుంటే, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోని వాళ్ళకి క్లెయిమ్ ఇవ్వరు. ఏసీ పైపు మూసుకుపోయి తడిసిన ఈసీయూని మెయింటెనెన్స్ లోపం కింద తోసేస్తారు.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఒక టార్చ్, ఒక టిష్యూ ప్యాకెట్ పట్టుకెళ్ళండి. సీటు బెల్టుని చివరి దాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉంటుంది, దాన్ని కడగడం ఎవరికీ గుర్తుండదు. స్టెప్నీ గుంటలో చూడండి. సీటు పట్టాల కింద బోల్టులకి తుప్పు ఉందా చూడండి. ప్యాసింజర్ వైపు కార్పెట్ ఎత్తి టిష్యూతో అద్దండి. చివరగా ఈసీయూ కనెక్టర్ విప్పుతానని అడగండి. "స్కాన్ రిపోర్ట్ ఉంది కదన్నా, అదెందుకు విప్పడం" అంటాడు డీలర్. కోడ్‌లు చెరిపేసి తీసిన స్కాన్ రిపోర్ట్‌లో ఏమీ ఉండదు, పిన్నుల మీది చిలుముని చెరపడానికి బటన్ లేదు. విప్పనిస్తే చూడండి. విప్పనివ్వకపోతే అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని, కర్నూలు బస్సెక్కి ఇంకో బండి చూసుకోండి.